బ్లఫ్ ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క దుంగల గది: చుట్టూ కొత్తవి కట్టడం సబబేనా?

ఎర్రకొండ:

సభ్యులందరికీ నమస్కారం. గత నెలలో డెన్వర్ నుండి మాన్యుమెంట్ వ్యాలీకి కుటుంబంతో కారులో వెళుతూ, యూటా రాష్ట్రపు ఆగ్నేయ మూలన శాన్ వాన్ నది ఒడ్డున ఉన్న బ్లఫ్ అనే ఊళ్ళో భోజనానికి ఆగాము. మూడు వందల మంది కూడా లేని ఊరు అది. ఒక వైపు నిలువుగా లేచిన ఎర్రరాతి గట్లు, మరొక వైపు నది, నది దాటితే నవాహో అనే ఆదివాసుల భూమి. ఊరిలో బ్లఫ్ ఫోర్ట్ అనే ఆవరణ ఉన్నది. అందులో తలుపులన్నీ లోపలి వాకిలి వైపు తిరిగి ఉన్న చిన్న చిన్న దుంగల గదులు వరుసగా కనిపించాయి. అన్నీ 1880 ప్రాంతపువే అనుకొని చాలాసేపు ఫోటోలు తీసుకున్నాను. తీరా బయలుదేరే ముందు అక్కడ పనిచేసే పెద్దావిడ ఒకరు, వీటిలో ఆనాటిది జోసెఫ్ బార్టన్ కుటుంబం నివసించిన గది ఒక్కటేననీ, మిగిలినవి ఇటీవలి కాలంలో మళ్ళీ కట్టినవనీ చెప్పారు. ఇంటికి వచ్చి చూసుకుంటే, నేను తీసిన నలభై ఫోటోలలో ఆ అసలు గది రెండింటిలోనే ఉన్నది, అందులోనూ ఒకదానికి మా అబ్బాయి తల అడ్డం వచ్చింది.

అప్పటి నుండి రెండు సందేహాలు వదలడం లేదు. చుట్టూ ఎటు చూసినా రాయే ఉన్న ఎడారిలో మొదట వచ్చినవారు చెట్ల దుంగలతో ఎందుకు కట్టుకున్నారు? అసలుది ఒక్కటే మిగిలినప్పుడు దాని పక్కన అటువంటివే కొత్తవి కట్టి నిలబెట్టడం చరిత్రను కాపాడటమా, లేక కప్పిపుచ్చడమా? తెలిసినవారు వివరంగా వ్రాయగలరు.

సాలెగూడు:

ఎర్రకొండ గారూ, నేను సాల్ట్ లేక్ సిటీలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను, బ్లఫ్‌కు నాలుగు సార్లు వెళ్ళాను. మీ మొదటి ప్రశ్నకు సమాధానం ఆ కుటుంబాలు అక్కడికి ఎలా చేరాయన్న దానిలోనే ఉన్నది కనుక ముందు అది చెబుతాను.

1879లో మోర్మన్ మతసంస్థ నైరుతి యూటాలోని పారోవన్, సీడార్ సిటీ వంటి ఊళ్ళ కుటుంబాలను ఎంపిక చేసి, శాన్ వాన్ లోయలో కొత్త ఊరు నెలకొల్పమని పంపింది. ముందుగా వెళ్ళి చూసి వచ్చిన బృందం దక్షిణం మీదుగా పోయి ఉత్తరం మీదుగా తిరిగి వచ్చింది. రెండు దారులూ చాలా చుట్టని తేలడంతో ఎస్కలాంటే అనే ఊరి మీదుగా అడ్డదారి పట్టారు. సుమారు 250 మంది, 83 బండ్లు, వెయ్యికి పైగా పశువులు, గుర్రాలు. ఆరు వారాల ప్రయాణమని లెక్క వేసుకొని బయలుదేరారు. అది ఆరు నెలలు పట్టింది.

కొలరాడో నది లోయ అంచుకు చేరేసరికి కింద సుమారు వెయ్యి అడుగుల లోతున నది, దిగడానికి రాతిలో ఒక సన్నని చీలిక. వెనక్కు పోదామంటే అప్పటికే కొండల్లో మంచు పడి దారి మూసుకుపోయింది. చలికాలమంతా మందు పేల్చి, ఉలులతో చెక్కి ఆ చీలికను బండి పట్టేటంత వెడల్పు చేశారు. దానినే హోల్ ఇన్ ద రాక్ అంటారు. వేల్స్ బొగ్గు గనులలో పనిచేసి వచ్చిన బెంజమిన్ పెర్కిన్స్ అనే వ్యక్తి సూచనతో, ఒకచోట రాతి ముఖానికి వరుసగా రంధ్రాలు తొలిచి, వాటిలో ఓక్ మేకులు దిగగొట్టి, వాటి మీద దుంగలు, కంప, కంకర పరచి, గోడకు వేలాడే దారి ఒకటి కట్టారు. 1880 జనవరి 26న మొదటి బండ్లు దిగాయి. చక్రాలు తిరగకుండా గొలుసులతో బిగించి, వెనుక నుండి మనుషులు తాళ్ళు పట్టుకొని ఆపుతూ ఉంటే గుర్రాలు కిందికి జారుతూ దిగాయి. చార్లెస్ హాల్ అనే ఆయన ముందే సిద్ధం చేసిన పడవ మీద నది దాటారు. ఆ తర్వాత కూడా అంత కష్టమైన నేలే, చివరన శాన్ వాన్ హిల్ అనే ఎక్కుడు. ప్రయాణంలో ముగ్గురు పిల్లలు పుట్టారు, చనిపోయినవారు ఎవరూ లేరు.

వారు నిజానికి చేరవలసినది మాంటెజూమా క్రీక్ అనే చోటు, అది ఇంకా పదిహేను మైళ్ళకు పైగా ఉన్నది. 1880 ఏప్రిల్ 6న నది పక్కన కొంత చదునైన నేల కనిపించగానే, మనుషులూ గుర్రాలూ ఇక కదలలేక అక్కడే ఆగిపోయారు. అంటే ఆ ఊరి స్థలాన్ని ఎంచినది అలసటే. ఏప్రిల్‌లో వచ్చారు, అదే విత్తనం వేసే సమయం, నది నుండి కాలువ తవ్వుకోవాలి, తలదాచుకోవాలి. రాయి కొట్టి గోడలు కట్టే తీరిక వారికి లేదు. నది ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు ఉన్నాయి, ప్రతి బండిలోనూ గొడ్డలి ఉన్నది.

గోదారిగట్టు:

సాలెగూడు గారూ, బాగా వ్రాశారు. ఒక్క సందేహం. నేను ఎక్కడో చదివినది, బండ్లను విడదీసి తాళ్ళతో కొండ మీద నుండి వేలాడదీసి దింపారని. అది సరికాదా?

సాలెగూడు:

సరికాదు గోదారిగట్టు గారూ. బండ్లు చక్రాల మీదనే, గుర్రాలు కట్టి ఉండగానే దిగాయి. పై భాగం దాదాపు నలభై అయిదు డిగ్రీల వాలు కనుక చూసినవారికి వేలాడదీసినట్లే అనిపించి ఉంటుంది. ఇప్పుడు ఆ దారి కింది భాగం కనిపించదు. గ్లెన్ కాన్యన్ ఆనకట్ట తలుపులు 1963లో మూశాక లేక్ పవెల్ నీరు అక్కడిదాకా వచ్చింది.

కొలతబద్ద:

నేను ఫీనిక్స్‌లో నిర్మాణ ఇంజనీరును. పాత కట్టడాల మరమ్మతులు నా వృత్తిలో భాగం కనుక చెక్క విషయం నేను చెబుతాను.

ముందుగా, కాటన్‌వుడ్ ఇల్లు కట్టడానికి తగిన చెట్టు కాదు. అది పోప్లర్ జాతికి చెందినది. ఎడారిలో నీరు ఉన్నచోటనే పెరుగుతుంది కనుక, దూరం నుండి ఆ పచ్చని వరుస కనిపిస్తే అక్కడ ఏరో నదో ఉన్నదని అర్థం. వేసవి ఆరంభంలో దాని గింజలు మన బూరుగు దూదిలా గాలిలో తేలుతూ ఉంటాయి, పేరు కూడా అందుకే వచ్చింది. చెక్క మెత్తన, తేలిక, ఎండేకొద్దీ మెలి తిరుగుతుంది. మాను తిన్నగా ఎదగదు, అందువల్ల దాని నుండి పొడవైన దుంగలు రావడం కష్టం, గదులు చిన్నవి కావడానికి అది కూడా ఒక కారణం. దేవదారు, పైన్ వంటివి దొరికే కొండలు అక్కడికి దూరం. అందుబాటులో ఉన్న చెట్టుతోనే పని కానిచ్చారు.

పచ్చి దుంగలు పేర్చి గోడ కడితే ఏమవుతుందో చూడండి. చెక్క పొడవులో దాదాపు కుంచించుకుపోదు, అడ్డంలో మాత్రం బాగా కుంచించుకుపోతుంది. అందువల్ల ఒకటి రెండేళ్ళలో గోడ మొత్తం కొంత కిందికి దిగుతుంది, దుంగల మధ్య సందులు పెద్దవవుతాయి, సందులలో మెత్తిన మట్టి ఊడిపడుతుంది. ప్రతి ఏడూ చలి మొదలయ్యే ముందు ఆ మట్టిని తిరిగి మెత్తవలసిందే. కొందరు తర్వాతి కాలంలో ఈ బాధ పడలేక సిమెంటు పెట్టారు. అది మరీ చేటు చేసింది. చెక్క కదులుతుంది, సిమెంటు కదలదు, రెండింటి మధ్య వెంట్రుకవాసి చీలిక పడుతుంది, అందులోకి దిగిన నీటిని సిమెంటు ఆవిరి కానివ్వదు. మెత్తని మట్టి గాని సున్నం గాని అయితే అది తానే పగిలి చెక్కను కాపాడుతుంది.

ఇక కుళ్ళు సంగతి. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటితే తప్ప కుళ్ళు పట్టించే బూజు బతకదు. బ్లఫ్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 8 అంగుళాలు మాత్రమే. అందువల్ల గోడ మధ్యలోని దుంగకు దాదాపు భయం లేదు. ఎండకు పైపొర బూడిద రంగుకు తిరుగుతుంది, నిలువునా చీలికలు పడతాయి, అంతే. ప్రమాదం రెండు చోట్ల ఉంటుంది. నేలను తాకే అడుగు దుంగ మొదటిది. చూరు నీరు నేల మీద పడి దాని మీదికే చిమ్ముతుంది, చలికాలంలో మంచు దానికి ఆనుకొని కరుగుతుంది. రెండవది కప్పు కింద ఉండే పై దుంగ. నేను ఏ దుంగల ఇల్లు చూడటానికి వెళ్ళినా ముందుగా మోకాళ్ళ మీద కూర్చొని అడుగు దుంగను కత్తి మొనతో పొడిచి చూస్తాను, తర్వాతనే తలెత్తుతాను.

పాతమిద్దె:

కొలతబద్ద గారు కప్పు దాకా వచ్చి ఆగిపోయారు. నేను అనంతపురం జిల్లావాడిని, మా తాతగారు కట్టిన మట్టి మిద్దెలోనే ఇప్పటికీ ఉంటున్నాము, అందుకే ఈ చర్చను ప్రత్యేకమైన ఆసక్తితో చదువుతున్నాను. ఆ గదులకు కప్పు ఎలా వేశారో తెలిసినవారు చెప్పగలరా?

సాలెగూడు:

పాతమిద్దె గారూ, మీకు ఇది బాగా పరిచయమైనట్లే ఉంటుంది. మధ్యలో ఒక నడిమి దూలం, దాని నుండి గోడల మీదికి సన్నని వాసాలు, వాటి మీద నదిలోని విల్లో పొదల కొమ్మలు, ఆకులు, బెరడు, అన్నిటి పైన మట్టి. నేల కూడా మొదట్లో మట్టే. వాన అరుదు కాని, వచ్చినప్పుడు ఒక్కసారిగా కుంభవృష్టిగా వస్తుంది. బయట వాన ఆగిపోయినా లోపల బురదనీరు కారుతూనే ఉండటం అటువంటి ఇళ్ళన్నిటిలోనూ మామూలు. అక్కడికి ఉత్తరాన ఆర్చెస్ జాతీయ ఉద్యానవనంలో జాన్ వెస్లీ వోల్ఫ్ అనే అంతర్యుద్ధ సైనికుడి దుంగల గది ఉన్నది. ఆయన 1898లో అక్కడ స్థిరపడి, ఎనిమిదేళ్ళ తర్వాత కూతురు సంసారంతో సహా వచ్చినప్పుడు, చెక్క నేల ఉన్న కొత్త గది కట్టవలసి వచ్చింది. మట్టి నేల మీద తాను ఉండలేనని ఆమె పట్టుబట్టిందని చెబుతారు.

పాతమిద్దె:

అయితే ఇది మా మిద్దెకు దూరపు చుట్టమే. మాకు దూలాల మీద దంతెలు, దంతెల మీద కంప, వేపమండలు, ఆ పైన మట్టి, చివరగా చవుడు. ఆ చవుడే ప్రాణం. మామూలు మట్టి వేస్తే నీరు దిగుతుంది. చవుడు తడిసినప్పుడు దానిలోని ఉప్పు బంకరేణువులను విడదీసి సందులన్నిటినీ పూడ్చివేస్తుంది కనుక పైపొర తడిసినా నీరు లోపలికి దిగదు. ఏటా వానలకు ముందు మళ్ళీ ఒక పొర వేయాలి. ఒక్క సంవత్సరం అశ్రద్ధ చేస్తే ఆ ఏడు గిన్నెలన్నీ నట్టింట్లో ఉంటాయి.

నాకు తోచినది ఏమిటంటే, ఏడాదికి 8 అంగుళాల వాన పడే చోట మట్టి కప్పు కారిందంటే తప్పు వానది కాదు, మట్టిది. బ్లఫ్ మట్టి ఇసుకమట్టి అయి ఉండాలి. మా జిల్లాలో సగటున 550 మిల్లీమీటర్లు, అంటే దానికి రెండు రెట్లకు పైగా కురిసినా సరైన చవుడు వేసిన మిద్దె కారదు.

కొలతబద్ద:

మీ ఊహ సరైనదే పాతమిద్దె గారూ. బ్లఫ్ నది ఒడ్డున ఉన్నది ఇసుకనేలే. వారు తవ్విన కాలువ గట్లు ఏటా తెగిపోవడానికి, నది వరద వచ్చినప్పుడల్లా పొలాలు కోసుకుపోవడానికి కూడా అదే కారణం. అదే యూటాలో బెంటొనైట్ అనే ఉబ్బే బంకమట్టి ఉన్న ప్రాంతాలు చాలా ఉన్నాయి. తడిస్తే అది ఉబ్బి తన సందులను తానే మూసుకుంటుంది. చవుడు పనిచేసే తీరు వేరైనా ఫలితం ఒకటే.

మట్టి కప్పుల సంగతికి మరొక ఉదాహరణ ఉన్నది. బ్లఫ్‌కు వాయవ్యాన కాపిటల్ రీఫ్‌లో ఫ్రూటా అనే చిన్న పల్లె ఉండేది, ఎప్పుడూ పదికి మించి కుటుంబాలు లేవు. అక్కడ 1896లో కట్టిన ఒంటిగది దుంగల బడి ఇప్పటికీ నిలిచి ఉన్నది. దానికి మొదట చదునైన మట్టి కప్పే ఉండేది. 1912 లేదా 1913లో దానిని తీసి వాలు కప్పు వేసి చెక్క పెంకులు పరిచారు. లోపలి గోడలకు 1935లో గచ్చు పూశారు. పిల్లలు చాలక 1941లో బడి మూతపడింది. 1966లో జాతీయ ఉద్యానవన శాఖ దానిని 1930ల నాటి రూపానికి పునరుద్ధరించింది. అంటే బాగు చేసినవారు 1896 నాటి మట్టి కప్పును తిరిగి వేయలేదు. మట్టి కప్పు తీసేసినందువల్లనే ఆ బడి గోడలు మిగిలాయని నా అభిప్రాయం. ఆ బడిలో మొదటి పంతులమ్మ నెటీ బెహ్యూనిన్ వయసు పన్నెండేళ్ళు. దుంగల బడి కట్టకముందు తన ఇంట్లోనే పాఠాలు మొదలుపెట్టింది, శిష్యులలో ఆమె సొంత తోబుట్టువులూ ఉన్నారు. ఇది చెక్క విషయం కాకపోయినా చెప్పకుండా ఉండలేకపోయాను.

శిలాలేఖ:

ఇంతవరకు జరిగిన చర్చ ఆసక్తికరంగా ఉన్నది కాని, ఎర్రకొండ గారి మొదటి సందేశంలోని "మొదట వచ్చినవారు" అన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. నేను హైదరాబాదులో పురావస్తు విషయాలు బోధించి విశ్రాంతి తీసుకుంటున్నాను, ఆ ప్రాంతాన్ని ఒకసారి ప్రత్యేకంగా వెళ్ళి చూశాను.

అదే బ్లఫ్ ఊళ్ళో, స్మశానం ఉన్న మెట్ట మీద, అక్కడి ఆదివాసుల చాకో నాగరికత కాలపు ఒక పెద్ద రాతి భవనపు దిబ్బ ఉన్నది. దానిని బ్లఫ్ గ్రేట్ హౌస్ అంటారు. 1880లో బండ్లు వచ్చేనాటికి అది కట్టి సుమారు ఎనిమిది వందల ఏళ్ళు. ఊరికి కొద్ది దూరంలో శాండ్ ఐలాండ్ దగ్గర రాతి గోడ మీద వందల సంఖ్యలో చెక్కిన బొమ్మలు ఉన్నాయి. వాటిని కట్టి, చెక్కినవారి వంశీయులు నేటి హోపీ, జూనీ తదితర ప్యూబ్లో ప్రజలు. నది అవతల నవాహో వారు, చుట్టుపక్కల కొండల్లో యూట్ వారు అప్పటికే ఉన్నారు. కాబట్టి ఆ దుంగల గదులు ఆ లోయలో మొదటి ఇళ్ళు కావు, మొదటి మోర్మన్ ఇళ్ళు మాత్రమే.

మరొక సంగతి. దుంగలు పేర్చి మట్టి కప్పడం కూడా అక్కడ కొత్త విద్య కాదు. నవాహో వారి హోగన్ అదే. పూర్వం చివర కొమ్మ చీలిన మూడు దుంగలను ఒకదానితో ఒకటి మెలివేసి నిలబెట్టి పైన మట్టి కప్పేవారు. తర్వాత ఆరు లేదా ఎనిమిది పలకలుగా దుంగలు పేర్చి, పైకి పోనుపోను దగ్గరకు తెచ్చి, గోపురంలా మూసి మట్టి కప్పే పద్ధతి ఎక్కువైంది. తలుపు తూర్పు వైపే ఉంటుంది. హోగన్లకు వాడే చిన్న ఎడారి చెట్టు జూనిపర్, కాటన్‌వుడ్ కంటే ఎంతో గట్టిది, తేలికగా కుళ్ళదు. కొత్తగా వచ్చినవారు నది ఒడ్డున మెత్తని చెట్టు నరుక్కుంటుంటే, అవతలి ఒడ్డున గట్టి చెట్టుతో ఇళ్ళు కట్టే పద్ధతి తరతరాలుగా ఉన్నది.

చెక్క ఎంతకాలం ఉంటుందన్న దానికి కూడా సమాధానం అక్కడే ఉన్నది. కొండ అరల కింద, వాన తగలని చోట, పదమూడవ శతాబ్దపు దూలాలు ఈనాటికీ గోడలలో ఉన్నాయి. అటువంటి దూలాలలో ఏడాదికొకటిగా పడిన వలయాలను లెక్కించి ఏ.ఈ. డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1929లో నైరుతి అమెరికా శిథిలాలకు సంవత్సరాలతో సహా కాలం నిర్ణయించగలిగాడు. కాటన్‌వుడ్ ఆ పనికి కూడా అంతగా పనికిరాదు. ఎప్పుడూ నీటి ఒడ్డున ఉండే చెట్టుకు కరువేళ్ళకూ మంచి ఏళ్ళకూ వలయంలో పెద్ద తేడా పడదు.

ఎర్రకొండ:

శిలాలేఖ గారూ, సవరణకు ధన్యవాదాలు. మాట తూచి వాడి ఉండవలసింది. ఆవరణలో హోగన్ ఒకటి చూశాను కాని, అది ప్రదర్శన కోసం పెట్టిన అలంకారం అనుకొని దాటిపోయాను.

గోదారిగట్టు:

నాకు "ఫోర్ట్" అన్న మాట దగ్గరే ఇబ్బంది. మనకు కోట అనగానే గండికోటో కొండపల్లో కళ్ళ ముందు నిలుస్తుంది. చిన్న గదుల చతురస్రాన్ని కోట అని ఎలా అనగలం? అక్కడ యుద్ధాలు జరిగాయా?

సాలెగూడు:

ముట్టడి ఏదీ జరగలేదు. గదుల వెనుక గోడలే ప్రహరీ, తలుపులు, కిటికీలు లోపలి వాకిలి వైపు. కొత్తగా ఊరు పెట్టేటప్పుడు మోర్మన్లు చాలా చోట్ల ఇలాగే కట్టారు. భయం కొంత, అలవాటు కొంత, పనులు కలిసి చేసుకోవడానికి వీలు కొంత. కొన్నేళ్ళకే కుటుంబాలు తమ తమ స్థలాలకు మారాయి. యూట్, నవాహో వారితో వారికి ఎక్కువగా నడిచినది వ్యాపారం. ఊరి సహకార దుకాణమే ఆ బేరాలకు కేంద్రం. ఇప్పుడు మీరు లోపలికి ప్రవేశించే రాతి భవనం ఆ దుకాణపు నమూనాలో మళ్ళీ కట్టినది.

నది మాత్రం వారిని నిజంగా ముట్టడించింది. 1884 వరద కాలువలనూ పొలాలనూ పాడుచేసింది. చాలామంది ఊరు విడిచి వెళ్ళారు. మిగిలినవారు సేద్యం మీద ఆశ తగ్గించుకొని పశువుల వైపు, తర్వాత గొర్రెల వైపు మళ్ళారు. ఆ డబ్బుతోనే 1890లలో ఎర్ర ఇసుకరాతితో పెద్ద ఇళ్ళు కట్టారు. ఎర్రకొండ గారు రాయి ఎందుకు వాడలేదని అడిగారు కదా, వాడారు, పదిహేనేళ్ళు ఆలస్యంగా. ఇంతలో 1895లో జిల్లా కేంద్రం మాంటిసెల్లోకు పోయింది, ఊరు చిన్నదైపోయింది. ఊరు పెద్దదై ఉంటే బార్టన్ గది స్థానంలో ఈపాటికి ఏ పెట్రోల్ బంకో ఉండేది.

శిలాలేఖ:

ఇక రెండవ ప్రశ్నకు వస్తాను. మళ్ళీ కట్టడం పట్ల నాకు తీవ్రమైన అభ్యంతరం ఉన్నది. ఎర్రకొండ గారి నలభై ఫోటోలే దానికి సాక్ష్యం. చదువుకున్నవారు, ఆసక్తి ఉన్నవారు అక్కడ చాలాసేపు గడిపి అసలుదేదో నకలేదో గుర్తించలేకపోయారు. పైగా కొత్త దుంగలు నున్నగా, కప్పులు బిగువుగా, లోపల శుభ్రంగా ఉంటాయి. చూసినవాడికి ఆ జీవితం ఒక విహారయాత్రలా కనిపిస్తుంది. కారే కప్పు, మట్టి నేల, పొగ, ఇవేవీ నకలులో ఉండవు. ఒక్క గదినే మిగిల్చి, మిగిలిన గదులు ఉన్నచోట నేల మీద రాళ్ళతో హద్దు గీసి ఉంటే సరిపోయేది.

కొలతబద్ద:

మీ ఆవేదన అర్థమైంది కాని మీ పరిష్కారంతో ఏకీభవించలేను. అమెరికా అంతరంగిక వ్యవహారాల శాఖ ప్రమాణాలలో చారిత్రక కట్టడాలకు నాలుగు మార్గాలు చెబుతారు: ఉన్నదానిని ఉన్నట్లు కాపాడటం, వాడుకకు తగినట్లు మలచడం, ఒక నాటి రూపానికి తేవడం, లేనిదానిని మళ్ళీ కట్టడం. నాలుగవది చేసేటప్పుడు రెండు షరతులు ముఖ్యం. తగిన ఆధారాలు ఉండాలి. ఇది నేటి కట్టడమని చూసేవారికి స్పష్టంగా తెలియాలి. మీ అభ్యంతరం రెండవ షరతుకు సంబంధించినది, కట్టడానికి సంబంధించినది కాదు.

ఒక్క గది చూస్తే మనకు తెలిసేది ఒక కుటుంబం పన్నెండో పద్నాలుగో అడుగుల చోటులో ఇరుక్కుందని. చతురస్రం మొత్తం చూస్తే తప్ప అందరి తలుపులూ ఎదురెదురుగా ఉంటే అక్కడ ఏకాంతం అన్నది సాధ్యం కాదని తెలియదు. ఆ రెండవ విషయం నేల మీద గీసిన గీత చెప్పలేదు.

సాలెగూడు:

ఇంకొక కోణం కూడా ఉన్నది. వాటిని కట్టినది ప్రభుత్వం కాదు. ఆ ప్రయాణం చేసినవారి వంశీయులు ఎక్కువగా ఉన్న హోల్ ఇన్ ద రాక్ ఫౌండేషన్ ఆ పని చేసింది. గదుల లోపల ఆయా కుటుంబాల చరిత్రలు పెట్టారు. వారికి అది పురావస్తు స్థలం కంటే ముందు తాతల వాకిలి. మనం బయటి నుండి వెళ్ళి నకలు అని తేల్చడం సులభమే.

శిలాలేఖ:

వంశీయుల భక్తిని నేను తప్పుపట్టడం లేదు. కాని భక్తి కట్టిన చోట చరిత్ర ఒకే గొంతుతో మాట్లాడుతుంది. మెట్ట మీది దిబ్బకు వంశీయులు లేరా? వారికి అంత ఖర్చుతో ఆవరణ ఎవరూ కట్టలేదు.

పాతమిద్దె:

శిలాలేఖ గారూ, కొంచెం ఆగండి. మన నాగార్జునకొండ సంగతి ఏమంటారు? సాగర్ నీటిలో లోయ మునిగిపోతుందని 1954 నుండి 1960 వరకు తవ్వి, కట్టడాలలో కొన్నింటిని కొండ మీదికి, కొన్నింటిని అనుపు దగ్గరకు చేర్చి మళ్ళీ పేర్చారు. లేక్ పవెల్‌లో నీరు చేరడం మొదలైనదీ సాగర్‌లో చేరడం మొదలైనదీ ఒకే దశకంలో. అనుపులోని ఆ రంగస్థలాన్ని చూసి మీరు నకలు అంటారా?

శిలాలేఖ:

మంచి ప్రశ్న వేశారు, సమాధానం చెప్పవలసిందే. నాగార్జునకొండలో తరలించినవాటిలో పాత రాళ్ళూ ఇటుకలూ ఉన్నాయి, కొన్ని మాత్రం కేవలం నమూనాలు. అక్కడ కూడా ఏది ఏదో సామాన్య యాత్రికుడికి తెలియదన్నది నిజమే, నా విద్యార్థులే పొరబడిన సందర్భాలు ఉన్నాయి. కాబట్టి నా వాదాన్ని కొంత తగ్గించుకుంటాను. కట్టవద్దని అనను. అసలుదానికీ నకలుకూ ఒకే రంగు, ఒకే రకపు బోర్డు, ఒకే కంచె పెట్టవద్దంటాను. అసలు గది చుట్టూ కొంత చోటు వదలాలి, సందర్శకుడు ముందు దాని దగ్గరకు వెళ్ళేలా దారి వేయాలి.

కొలతబద్ద:

దానికి నేను పూర్తిగా అంగీకరిస్తాను. ఒక్కటి జోడిస్తాను. అసలు గదికి కూడా కాలక్రమంలో కప్పు, సందుల మట్టి, ఒకటి రెండు అడుగు దుంగలు మార్చకుండా ఏ దుంగల ఇల్లూ నూట నలభై ఏళ్ళు నిలవదు. అందువల్ల అసలుది, కొత్తది అన్న గీత గదుల మధ్యనే కాదు, ఒకే గోడలో పై దుంగకూ కింది దుంగకూ మధ్య కూడా ఉంటుంది. మంచి మరమ్మతు చేసినవారు మార్చిన దుంగ కనిపించని వైపున సంవత్సరం చెక్కి పెడతారు.

నిర్వాహకులు:

చర్చ చక్కగా సాగుతున్నది. శీర్షికలో ఎర్రకొండ గారు మొదట "కోట" అని, "కొయ్య ఇల్లు" అని వ్రాశారు. గోదారిగట్టు గారి అభ్యంతరం తర్వాత ఆయన కోరిక మీద "దుంగల గది" అని మార్చాము. కొయ్య ఇల్లు అంటే పలకలు కోసి కట్టినది కూడా అవుతుంది. ఇక్కడ విషయం కోయని మాను గురించి.

ఎర్రకొండ:

నిర్వాహకులకు ధన్యవాదాలు. నా ఫోటోల కింద వ్యాఖ్యలను సరిచేశాను: బార్టన్ గది ఉన్న రెండింటి కింద అసలుది అనీ, మిగిలిన ముప్పై ఎనిమిదింటి కింద మళ్ళీ కట్టినవి అనీ వ్రాశాను. అక్టోబరులో మళ్ళీ అటువైపు వెళ్ళే ఆలోచన ఉన్నది. ఈసారి ముందు మెట్ట మీది దిబ్బ దగ్గర, తర్వాత హోగన్ దగ్గర, ఆ తర్వాత బార్టన్ గది అడుగు దుంగ దగ్గర ఆగుతాను. కత్తి మాత్రం తీసుకువెళ్ళను కొలతబద్ద గారూ, ఆ పెద్దావిడ ఊరుకోరు. పాతమిద్దె గారూ, మీ మిద్దె మీద మట్టి మొత్తం మందం ఎంత ఉంటుంది? అక్కడి గదుల కప్పుతో పోల్చి చూడాలని ఉన్నది.

పాతమిద్దె:

ఎప్పుడూ కొలవలేదండీ. ఏటేటా పొర మీద పొర పడుతూ వచ్చింది కనుక తాతగారి నాటి మందం ఇప్పుడు ఉండదు. వానలకు ముందు చవుడు వేయించేటప్పుడు అంచు దగ్గర కొంచెం తవ్వించి, పొరలు కనబడితే వాటిని కూడా లెక్కపెట్టి, ఫోటోతో సహా ఇక్కడ పెడతాను. దూలాలకు ఒకచోట చెద పట్టినట్లు అనుమానం ఉన్నది, కొలతబద్ద గారు ఆ ఫోటో కూడా ఒకసారి చూడగలరు.